బొజ్జలో ఊపిరి

మధ్యాహ్నపు ఎండ వీధిలోంచి సగం తొలగిన వేళ సక్కుబాయి మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ధూల్‌పేటలో మా వీధి చివర గణపతి విగ్రహాలు చేసే ఇల్లు ఆమెది. విగ్రహాలు పోతపోసి చేతులు, తొండాలు అతికించేది భర్త ఆగయ్య; రంగులు వేసేది ఆమె. పోయిన దీపావళి తరువాత ఆగయ్య ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె ఒక్కతే ముందరి వసారాలో చిన్న విగ్రహాలు చేసుకొంటోంది. వెనుక షెడ్డులోకి వెళ్లడం దాదాపు మానేసింది. వీధంతా వినిపించేలా మాట్లాడే మనిషి ఆ రోజు గొంతు బాగా తగ్గించి చెప్పింది.

“సారూ, జర షెడ్డుకు రాండ్రి. పెద్ద గణపతి ఊపిరి తీస్తుండు.”

విగ్రహాలు పాలు తాగుతున్నాయని నగరమంతా గిన్నెలు పట్టుకొని పరుగెత్తిన రోజున, మండపం మెట్ల మీద నిలబడి తలతన్యత అంటే ఏమిటో చెప్పబోయి తిట్లు తిన్నవాణ్ణి నేను. ఔషధ పరీక్షశాలలో విశ్లేషకుడి ఉద్యోగం, హేతువాద సంఘంలో కార్యదర్శి పని, రెండూ వదిలి చాలా కాలమైంది గాని ఇటువంటి మాట వింటే పెదవుల మీదికి వచ్చే నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె తరువాత చెప్పిన సంగతి విన్నాక ఆ నవ్వు రాలేదు.

కొద్ది రోజుల క్రితం పిల్లలు దాగుడుమూతలాడుతూ ఆమె షెడ్డులో దూరారు. మా ఎదురు వరుసలో ఉండే వైకుంఠం కూతురు స్రవ్య పెద్ద విగ్రహం వెనుక నక్కింది. విగ్రహం కడుపులోంచి గురక వినిపించి, కేకలు పెడుతూ బయటికి పరుగెత్తింది. మరునాడు జ్వరం. ఎంతకూ దిగకపోవడంతో పిల్లను పెద్దాసుపత్రిలో చేర్చారు. వైకుంఠం షెడ్డు చూడడానికి వచ్చి, విగ్రహం పాదాల దగ్గర ఒక నల్లటి ఉండ దొరికితే పొట్లం కట్టి తీసుకుపోయాడు. ఆ ఉండ నిండా వెంట్రుకలు, ఎముకలు. ఈ ఉదయం నల్లా దగ్గర నీళ్ల కోసం నిలబడినప్పుడు ఎవరో బాణామతి అన్నారు. అన్నది ఎవరో సక్కుబాయికి తెలియదు. ఆమెకు ముందున్నవాళ్లూ వెనుకున్నవాళ్లూ తమ బిందెలు దూరంగా జరుపుకోవడం మాత్రం చూసింది. దీపాలు పెట్టే వేళకు అందరూ కలిసి షెడ్డుకు వస్తామని కబురు పంపారట.

బాణామతి అంటే చేతబడి అని నిఘంటువు చెబుతుంది. నిఘంటువు చెప్పనిది నేను ఒక పల్లెలో చూశాను. సంఘం తరఫున మేము చేరేసరికి, బాణామతి చేసిందని వాళ్లు పట్టుకొన్న మనిషి ఇంకా బతికే ఉంది. నోటిలో పళ్లు లేవు. మంత్రం స్పష్టంగా పలక్కుండా ఉండాలని మొదట పళ్లు పీకారు. పీకినవాళ్లలో ఆమె మరిది ఉన్నాడు, రోజూ ఆమె చేతి చాయ తాగే పక్కింటివాడు ఉన్నాడు. వాళ్లెవరూ క్రూరులుగా కనిపించలేదు. భయపడినవాళ్లుగా కనిపించారు. అందువల్లనే ఆ రోజు నుంచి నాకు భయపడిన మనుషులంటే భయం.

ఠాణాకు ఫోను చేశాను. అవతలి మనిషి మర్యాదగానే విని, ఏదో ఊరేగింపు బందోబస్తు ఉందని, అది ముగియగానే మనుషుల్ని పంపుతామన్నాడు. ఎప్పటికి ముగుస్తుందో ఆయనకూ తెలియదు. సక్కుబాయిని, బార్కస్‌లో ఉన్న ఆమె చెల్లెలి ఇంటికి ఈ క్షణమే వెళ్లిపొమ్మన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఉరికితే నేనే చేసిన అన్నట్టయితది సారూ. ఇల్లు కాలవెడ్తరు. మీరొచ్చి అదేందో చూసి చెప్పుండ్రి, చాలు. చదువుకున్నోళ్లు, మీ మాట ఇంటరు.”

నా మాట ఈ వీధిలో ఎవరూ ఎన్నడూ వినలేదన్న సంగతి అప్పుడు చెప్పదగినది కాదు. టార్చి తీసుకొని ఆమె వెంట నడిచాను. దారిలో ఇళ్ల గడపల మీద కూర్చున్న ఆడవాళ్లు మమ్మల్ని చూసి మాటలు ఆపారు. ఒకామె లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకొంది.

రేకుల షెడ్డు. లోపలి వెలుతురు పిండి కలిపిన నీళ్లలా ఉంది. నేల, గోడలు, మూలనున్న కర్రలు, కొబ్బరి పీచు కట్టలు, అన్నిటి మీదా ప్లాస్టరు పొడి తెల్లగా పేరుకుపోయింది. మధ్యలో ఆగయ్య చేసిన ఆఖరి పెద్ద విగ్రహం, తల దూలానికి కాస్త కింద ఉండేట్టు కూర్చుని ఉంది. ఏ మండపంవారో చేయమని చెప్పి తరువాత వద్దన్న విగ్రహం. రంగు పడలేదు. కళ్లు దిద్దలేదు, కళ్లు ఉండవలసిన చోట రెండు తెల్లటి ఉబ్బులు.

కాసేపు ఏమీ వినిపించలేదు. తరువాత ఊపిరి మొదలయింది.

పొడిగా, పొడుగ్గా, కఫం అడ్డుపడిన గొంతుతో ఎవరో గాలిని బలవంతంగా లోపలికి లాగుతున్నట్టు. ఆగింది. మళ్లీ లాగింది. అది గణపతి బొజ్జలోంచే వస్తున్నదనడంలో సందేహం లేదు. ఈ శబ్దానికి కారణం కాగలవి నా మనసులో వరుసగా నిలబడ్డాయి: రేకుల సందులోని గాలి, పాము, ఎక్కడో కారుతున్న గ్యాసు, పక్షి. కారణాలు తెలిసినంత మాత్రాన శరీరం ఒప్పుకోదు. చేయి చాచి విగ్రహం పొట్ట మీద పెట్టాను. వేళ్ల కింద ప్లాస్టరు సన్నగా అదురుతోంది.

“ఆయన గిట్లనే తీసిండు, ఆఖరి దినం,” అంది సక్కుబాయి నా వెనుక నుంచి.

వంగి నేల చూడడం మొదలుపెట్టాను, ఎందుకంటే నేల చూడడం నాకు చేతనయిన పని. విగ్రహం వెనుక దూలం నుంచి కిందికి తెల్లటి చారలు ఉన్నాయి. అన్నీ తెల్లగా ఉన్న ఆ షెడ్డులో వాటిని ఎవరూ గుర్తించలేదు. గోటితో గీకితే ప్లాస్టరులా రాలలేదు, సున్నపు పెచ్చులా లేచింది, పక్షి రెట్ట. ఆ చారల కిందనే ఉండలు ఉన్నాయి. కొన్ని వార్నీషు పూసినట్టు నల్లగా మెరుస్తున్నాయి, కొన్ని ఎండి బూడిదరంగుకు తిరిగాయి. ఒకదాన్ని విరిచాను. నెరిసిన బొచ్చు, బొచ్చు మధ్య పొందికగా ఒక చిన్న పుర్రె, పసుపుపచ్చని ముందరి పళ్లు. ఎలుక. గుడ్లగూబ ఎలుకను మొత్తంగా మింగి, అరగని బొచ్చునూ ఎముకలనూ ఇలా ఉండ చేసి కక్కేస్తుంది. ఎవరైనా కావాలని వెంట్రుకలతో ఎముకలు చుట్టి గడపలో వేసినా ఇంతకంటే నమ్మదగినట్టు చేయలేరు.

ఏ గుడ్లగూబ అన్నది ఇంకా తేలలేదు. నిచ్చెన విగ్రహం వెనక్కి జరిపి ఎక్కాను. బోలు విగ్రహాలకు వీపులో ఒక కంత వదులుతారు, లోపలి కర్రలకు తీగలు బిగించడానికి చెయ్యి పట్టేంత వెడల్పున. టార్చి వెలుతురు అందులోకి పంపాను. ఊపిరి బుసగా మారింది. నాలుగు తెల్లటి ముఖాలు ఒక్కసారిగా నా వైపు తిరిగాయి. పెద్దదీ చిన్నదీ మెట్లుమెట్లుగా ఉన్నాయి. ఈ జాతి మొదటి గుడ్డు పెట్టగానే పొదుగుతుంది కాబట్టి పిల్లలు ఒకే వయసువి కావు. ఒక్కొక్క ముఖం తమలపాకు ఆకారంలో ఉంది. కళ్లు నల్లగా, తడిగా. తలలు కిందికి వంచి అటూ ఇటూ ఊపుతూ బుసకొడుతున్నాయి.

పైన దూలం మీద తల్లో తండ్రో కళ్లు మూసుకొని నిలబడి ఉంది. వీపు మీద లేత బంగారు బూడిదరంగు, సన్నని చుక్కలు; పొట్ట తెలుపు; కాళ్లు పొడుగు. తల మీద కొమ్ముల్లాంటి ఈకలు లేవు కాబట్టి పెద్ద గుర్రుగూబ కాదు. కళ్లు తెరిచినప్పుడు పసుపు కనిపించలేదు కాబట్టి మన చెట్ల తొర్రల్లో ఉండే చిన్న పైడికంటె కాదు. లోకంలో దాదాపు అన్ని ఖండాలలోనూ మనిషి నీడన బతికే అతి సామాన్యమైన గూబ ఇది. దీనికి అడవి అక్కరలేదు. మనిషి కట్టి వదిలేసినది ఏదయినా చాలు: పాడుబడ్డ దేవిడీ భవంతి, మినారు లోపలి మెట్లు, పాత బావి గోడలో సందు, గోదాము. పైన కప్పు, లోపల చీకటి, చుట్టుపక్కల ఎలుకలు ఉంటే ఆ చోటు దానికి ఇల్లే.

కిందికి దిగి ఇదంతా సక్కుబాయికి నెమ్మదిగా చెప్పాను. నీ భర్త ఊపిరి కాదు, ఆకలి వేసిన పిల్లలు తల్లిని పిలిచే పిలుపు అన్నాను. దానివల్ల ఎవరికీ ఏ కీడూ లేదు, అది ఎలుకలను తప్ప దేన్నీ చంపదు అన్నాను. ఆమె శ్రద్ధగా విని, “తెల్లగుంటదా?” అని అడిగింది. అవునన్నాను.

“అయితే చావుపిట్ట,” అంది.

ఆ పేరు నాకు తెలియక కాదు. పక్షుల పుస్తకాలలో సైతం తెలుగులో దానికి అచ్చయిన పేరు అదే. నేను ఆమె ముందు ఉచ్చరించకుండా దాటవేశాను, అంతే. ఆ సాయంత్రం ఈ వీధికి నేను చూపించబోయే నిజం పేరు చావుపిట్ట. అబద్ధం ఒకటి సిద్ధంగా ఉంది: పైడికంటె అనవచ్చు. పైడి అంటే బంగారం; వినడానికి మంగళకరంగా ఉంటుంది. కాని పొద్దు వాలగానే పక్షి వాళ్ల కళ్ల ముందే బయటికి వస్తుంది. గంటలో బయటపడే అబద్ధం ఆమె ప్రాణానికి కాపలా కాయలేదు.

వాళ్లు అనుకొన్నదానికంటే ముందే వచ్చారు. చెప్పుల చప్పుడు మాత్రమే వినిపించింది, మాటలు లేవు. లొల్లి చేస్తూ వచ్చి ఉంటే నాకు కొంత ధైర్యంగా ఉండేది. ముందు వైకుంఠం, చేతిలో పొట్లం. నిద్రలేని కళ్లు. పక్కన అతని తల్లి మాణిక్యమ్మ. పురిటికైనా, చావుకైనా ఈ వీధిలో ఏది ఎలా జరగాలో ఆమెనే అడుగుతారు. వెనుక షెడ్డు నిండేంత మంది. ఆఖరున వచ్చినవాడు తలుపు మూసి గడియ పెట్టాడు.

“సారూ, మీరు బయటికి పోండ్రి. మాకు ఆమెతోని పనుంది,” అన్నాడు వైకుంఠం. నిన్నటిదాకా అతను సక్కుబాయిని చిన్నమ్మా అని పిలిచేవాడు.

నేను వెళ్లలేదు. పొట్లం ఇమ్మని అడిగి, అందులోని ఉండను అందరి ముందూ విరిచి పుర్రెను అరచేతిలో పెట్టి చూపించాను. గూబ గురించి, దాని తిండి గురించి, ఉండ గురించి, గురక గురించి చెప్పాను. ప్రతి వాక్యమూ నిజమే. నా గొంతు మాత్రం నాకే పరాయిగా, ఎక్కడో తరగతి గదిలోంచి వస్తున్నట్టు వినిపించింది.

“బొక్కలు మింగి బొక్కలు కక్కుతదా? గిదంత నమ్ముతరు గని, సారుకు గణపతి మీద నమ్మకం లేదు,” అన్నారెవరో. ఒకరిద్దరు నవ్వారు. వైకుంఠం నవ్వలేదు. అతను నా అరచేతిలోని పుర్రెను చూస్తున్నాడు.

“ఎలుకనే అంటున్రు గద సారూ?”

“ఎలుకనే.”

“ఎలుక గణపతి వాహనం. ఆయన వాహనాన్ని తిని ఆయన కడుపులనే కక్కుతుంది. కళ్లు తెరువని దేవుని బొజ్జల గూబను వెట్టి సాకుతుంది ఈమె. ఉత్తగ అయితదా గిది? నా బిడ్డ ఏం జేసింది ఈమెకు?”

గుంపులోంచి ఒక నిట్టూర్పు లేచింది, అందరి ఛాతీలూ ఒకటే అయినట్టు. నా రుజువు ఆమె మీది నేరానికి సాక్ష్యంగా మారిపోయింది. నేను చెప్పిన ప్రతి నిజమూ వాళ్ల చేతికి ఒక్కొక్క రాయి అందించింది. స్రవ్యకు వచ్చినది టైఫాయిడ్ అని ఆ తరువాత తేలింది. అది ఆ సాయంత్రం ఎవరికీ ఉపయోగపడలేదు.

అప్పుడు చూశాను. గోడ పక్కన ఆగయ్య పనిముట్లు ఉన్న బల్ల మీద నుంచి ఒక చేయి పటకారును తీసుకొంది. తీగలు మెలిపెట్టి తుంచే పాత పటకారు. చేయి ఎవరిదో కనిపించలేదు. అది ఒక చేతిలోంచి మరొక చేతికి, ముందు వరుసకు వచ్చింది. సక్కుబాయి కూడా దాన్ని చూసింది. ఆమె పెదవులు మూసుకొని బిగించింది. పటకారు దేనికో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ఆ నిశ్శబ్దంలో విగ్రహం మళ్లీ ఊపిరి తీసింది.

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు. దూలం మీద ఏదో కదిలింది. రెక్కల చప్పుడు లేదు. ఈ పక్షి ఈకల అంచులు మెత్తగా ఉండి గాలిని కోయవు. చప్పుడు లేకుండా అంత తెల్లటిది అంత దగ్గరగా దిగడం చూసి, కారణం తెలిసిన నేనే ముఖానికి చేయి అడ్డం పెట్టుకొన్నాను. అది గణపతి కిరీటం మీద వాలింది. తమలపాకు ముఖం తిప్పి మమ్మల్ని చూసి, పాత గుడ్డను నిలువునా చింపినట్టు ఒక్క కేక పెట్టి, రేకుల సందులోంచి వెళ్లిపోయింది.

“చావుపిట్ట,” అంది ఒక ఆడగొంతు. ఆ మాట ఒకరినుంచి ఒకరికి పాకింది.

నేను సిద్ధం చేసుకొన్న వాక్యమేదీ మిగల్లేదు. ఒక్క ప్రశ్న మిగిలింది. దాన్ని మాణిక్యమ్మను అడిగాను.

“అమ్మా, చావుపిట్ట ఇంట్ల గూడు పెడితే ఎవరి మీదికి వస్తది?”

ఆమె నన్ను అనుమానంగా చూసింది. ఇటువంటి ప్రశ్న నా నోట ఆమె ఎన్నడూ వినలేదు.

“ఎవల మీదికొస్తది? ఇంటోళ్ల మీదికే.”

“ఈ ఇల్లు ఎవరిది? ఆగయ్య పోయింది ఎప్పుడు?”

పక్షి పిల్లల వయసు నేను చూశాను. ఆగయ్య పోయిన చాలా కాలానికి ఆ జంట ఈ షెడ్డుకు వచ్చింది. ఆ సంగతి చెప్పకుండా నోరు మూసుకొని, వాళ్లు తప్పు లెక్క కట్టే దాకా వేచి ఉన్నాను.

“మొదలు ఆయనను తీస్కపోయింది,” అంది మాణిక్యమ్మ మెల్లగా. సక్కుబాయి వైపు తిరిగింది. ఇంతవరకు ఆమె ముఖంలో ఉన్న కాఠిన్యం కరిగి, దాని స్థానంలో మరొకటి వచ్చింది. శవం దగ్గర కూర్చున్నప్పుడు మనుషుల ముఖాల్లో ఉండేది. “ఇగ ఈమెనే. ఇల్లు పాడుపెట్టాలె.”

గూబ జొరబడ్డ ఇంటిని తాళం వేసి నెలల తరబడి వదిలేయడాన్ని ఇల్లు పాడుపెట్టడం అంటారు. ఆ ఆచారం వల్ల పిల్లాపాపలతో రోడ్డున పడ్డ కుటుంబాలను నేను చూశాను. దానికి వ్యతిరేకంగా కరపత్రాలు రాశాను, పంచాను. ఆ సాయంత్రం, “అవును, పాడుపెట్టాలె,” అన్నాను. స్పష్టంగా, అందరికీ వినపడేట్టు అన్నాను.

“మరి నా బిడ్డకు?” అన్నాడు వైకుంఠం. అతని గొంతులో కోపం కంటే ఆశ ఎక్కువగా ఉంది.

“నీ బిడ్డ పరాయింటి గండం నడుమ నిలబడ్డది, గాలి తగిలింది. దిగుతది.” మాణిక్యమ్మ పటకారు ఉన్న వైపు చూసింది. “అది కింద పెట్టుర్రి. సచ్చేదాన్ని సంపి పాపం మూటగట్టుకుంటరా?”

పటకారు బల్ల మీద పడిన చప్పుడు వినిపించింది. గడియ తీసిన చప్పుడు వినిపించింది. వాళ్లు వెళ్లారు. వెళ్తున్నప్పుడు ఎవరి బట్టలూ సక్కుబాయికి తగలకుండా పక్కకు ఒదిగి వెళ్లారు. ఈసారి ఆమెను చూసి కాదు, ఆమె వెనుక నిలబడి ఉందని వాళ్లు అనుకొన్నదాన్ని చూసి.

షెడ్డుకూ ఇంటికీ తాళాలు వేశాం. చవితి దాటేదాకా తీయరాదని మాణిక్యమ్మ చెప్పి పంపింది. ఆ ఏటి సంపాదన అక్కడితో సరి. చేతిసంచిలో నాలుగు బట్టలు సర్దుకొని సక్కుబాయి వీధి మొగలో ఆటో ఎక్కింది. ఆమె బతికి ఉంది, నోటిలో పళ్లు ఉన్నాయి. అంతకు మించి ఆ రోజు నేను కోరగలిగింది లేదు. అయినా నాకు ఊరట కలగలేదు. ఆమె ముఖం మధ్యాహ్నం చూసినదానికంటే భిన్నంగా, ఏదో తీర్పు తేలిపోయినట్టు ఉంది.

“సారూ, మీరు వాళ్లు రాకముందు చెప్పింది నిజమా, వచ్చినంక చెప్పింది నిజమా?”

ముందు చెప్పినదే నిజం అన్నాను. వాళ్ల చేతిలోంచి నిన్ను తప్పించడానికి రెండవది చెప్పవలసి వచ్చిందని, ఆ పక్షికి నీ ఆయుష్షుతో ఏ సంబంధమూ లేదని, మళ్లీ మొదటి నుంచి, ఇంకా నెమ్మదిగా, ఆధారాలతో సహా చెప్పాను. ఆటో అతను హారన్ కొట్టాడు. ఆమె మధ్యలో ఆపకుండా అంతా విన్నది.

“మస్తు మంచిగ చెప్పిన్రు,” అంది. తరువాత కొంచెం ముందుకు వంగి, ఆటో అతనికి వినిపించకుండా అడిగింది. “గని ఎప్పుడంట సారూ? మా చెల్లెలింట్ల చిన్నపిల్లలున్నరు. ఆడ కావద్దు.”

నేను కాదని చెబుతూనే ఉన్నాను. వైద్యుడు దాస్తున్నాడని తెలిసిన రోగి ఊపినట్టు, ఆమె నా మాటలకు తల ఊపుతూనే ఉంది. ఆటో కదిలింది.